ధర చెప్పేముందు

ఆగస్టు 21, గురువారం

అన్నయ్యకు, నసపిట్ట నమస్కారాలు.

నువ్వు వేళకు తింటున్నావనీ, వేళకు నిద్రపోతున్నావనీ అనుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అలా లేకపోతే, కనీసం ఈ వాక్యం చదివాకైనా అలా ఉండు. ఇక్కడ అమ్మ మోకాళ్ళూ నా అరికాళ్ళూ తప్ప మిగతా అంతా క్షేమం.

ఇవాళ్టి మొదటి వింత పొద్దున్నే జరిగింది. అమ్మ ఇంగ్లీషులో మాట్లాడింది.

మేమిద్దరం కలిసే పనికి బయల్దేరతాం. వీధి మలుపులో ప్లాస్టిక్ సామాన్ల షాపు ఉంది కదా, అమ్మ రోజూ దాని ముందు కాసేపు ఆగుతుంది. అక్కడ నీలం రంగు మూత బకెట్ ఒకటుంది. దాన్ని కొనదు, ఊరికే చూస్తుంది. ఆగితే చాలు, షాపాయన చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొస్తాడు. ఇవాళా వచ్చాడు. రండమ్మా రండి, మీకోసమే తెప్పించాను అన్నాడు. అమ్మ కొంగు సర్దుకుని, మెడ నిటారుగా పెట్టి, జస్ట్ లుకింగ్ అంది. ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు. తర్వాత, అలాగే మేడమ్, చూడండి మేడమ్ అని వెనక్కి తగ్గాడు. అమ్మకి నవ్వు ఆగలేదు. ఏమిటే, రెండు ముక్కలకే మేడమ్‌ని అయిపోయానా, ఇన్నేళ్ళూ వద్దు బాబూ, వద్దు బాబూ అని నోరు పడిపోయేలా చెప్పానే అని బస్సెక్కేదాకా అంటూనే ఉంది. అమ్మ అలా నవ్వి చాలా రోజులైంది. నీకు రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఆ మాట నేనే నేర్పాను. ఈ నెలంతా మా ఇంగ్లీషు మాస్టారు కొనుగోళ్ళ మాటలే చెప్తున్నారు. సైకిల్ రిపేరు షాపు మీద చిన్న గది, ఒకే ఫ్యాను, అది మాస్టారి వైపే తిరుగుతుంది. ఫీజు నువ్వు పంపిందే కనుక లెక్క చెప్పాలి కదా: ఒక్క క్లాసు కూడా మానలేదు. ఫీజు కట్టిన రోజు మాస్టారు, మీ అన్నయ్య ఏం చేస్తాడమ్మా అని అడిగితే, పెద్ద ఆఫీసులో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం అని అందరికీ వినబడేలా చెప్పాను. పగలంతా ఫోన్లో మాట్లాడి మాట్లాడి, సాయంత్రం ఇంకెవరి ఫోను మోగినా నీకు ఒళ్ళు మండుతుందన్నావుగా. అందుకే ఈ ఉత్తరాలు. అమ్మకి మాత్రం ఇది నచ్చడం లేదు. వాడి గొంతు విని ఎన్నాళ్ళయిందే, కాయితంలో గొంతు వినబడుతుందా అంటుంది.

కొత్త మాటల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు, కాస్త ఓర్చుకో. జస్ట్ లుకింగ్ నాకెందుకు నచ్చిందంటే, కొనలేనివాళ్ళకి కూడా చూసే హక్కు ఉందని ఒప్పుకునే మాట అది. స్కామ్ అనే మాట తుమ్ములా ఉంటుంది, అలా వచ్చి ఇలా పోతుంది, ఆ తర్వాత చూసుకుంటే జేబులో ఏమీ ఉండదు. ఇక బార్గెయిన్. మనకు బేరం అంటే ఎదురెదురుగా ఇద్దరు మనుషులు. వాళ్ళకు బార్గెయిన్ అంటే చౌకగా దొరికిన వస్తువు, అందులో అసలు మనిషే కనబడడు. ఇది నేనే కనిపెట్టానని క్లాసులో లేచి చెప్పాను. మాస్టారు అంతా విని, దానికి రెండు అర్థాలూ ఉన్నాయి తల్లీ, నువ్వు సగం పేజీ చదివి తీర్పు చెప్తున్నావు అన్నారు. అందరూ నవ్వారు. కూర్చున్నాక మిగతా సగం చదివాను. అయినా నేను చెప్పిందే బాగుంది.

పోయిన వారం క్లాసులో నాటకంలాంటిది వేయించారు. నేను షాపుదాన్ని. నా పక్కన కూర్చునే బ్యాంకు వాచ్‌మన్ బాబాయి కొనేవాడు. ఆయన లేని చొక్కాని వేళ్ళతో తడిమి చూసి, పెదవి విరిచి, హౌ మచ్ అన్నాడు. ధర చెప్పాలి. చెప్పేముందు నాకు తెలియకుండానే పెన్నుతో బల్లమీద రెండుసార్లు కొట్టాను. బాబాయి ఉలిక్కిపడి, ఏంటమ్మాయ్, నాకు శిక్ష వేస్తున్నావా ఏంటి అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. మాస్టారు మాత్రం, ఎక్కడ నేర్చుకున్నావిది అని అడిగారు.

నాన్న గురించి చెప్పాను. బట్టల షాపులో నాన్న ఎవరికి ఏ ధర చెప్పాలన్నా ముందు మీటరు బద్దతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడనీ, మనమిద్దరం గుండీలు డబ్బులుగా పెట్టుకుని షాపాట ఆడినా ఆ రెండు దెబ్బలూ కొట్టకపోతే ఆట ఒప్పుకునేవాళ్ళం కాదనీ చెప్పాను. ఎందుకలా అని నువ్వొకసారి అడిగితే నాన్న ఏమన్నాడో గుర్తుందా? మొదటి దెబ్బ కొనేవాళ్ళు తలెత్తి చూడడానికి, రెండోది నేను తలెత్తి చూడడానికి అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుని చెప్పలేని ధర అసలు ధరే కాదు అన్నాడు. బాబాయి ముక్కు చీదుకుని, సరేగానీ చొక్కా ఎంతకిస్తావ్ అన్నాడు.

ఆ బద్ద ఇప్పుడు మన కిటికీ రెక్క పడిపోకుండా అడ్డం పెట్టుకుంటున్నాం. నాన్న పోయి, షాపు పోయి, అదొక్కటే మిగిలింది.

నేను పనిచేసే బట్టల షాపులో రోజులు ఎప్పటిలాగే ఉన్నాయి. తగ్గింపు బట్టల గుట్ట దగ్గర వేశారు నన్ను. నేను మడతపెడతాను, జనం విప్పుతారు, మళ్ళీ మడతపెడతాను. గుట్ట మీద వేలాడే పెద్ద బోర్డు మీద సగానికి సగం అని ఉంటుంది. దాని ముందు చీమంత అక్షరాలతో అప్ టు అని ఉంటుంది. అంటే, అంతవరకూ తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు అని. బోర్డు మొత్తంలో అన్నిటికన్నా చిన్న మాటే అన్నిటికన్నా పెద్ద పని చేస్తోంది. ఒక పెద్దావిడ బిల్లు దగ్గరికి వెళ్ళాక వెనక్కి వచ్చి, బోర్డు మీద అలా రాసి ఇక్కడ ఇలా తీసుకుంటారేంటి అని నన్నే నిలదీసింది. చిన్న అక్షరాలు చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, ఇది చదవగలిగే చూపుంటే నేను కుట్టుపనే చేసుకునేదాన్ని కదమ్మా అని చొక్కా గుట్టలో పడేసి వెళ్ళిపోయింది. ఆ చొక్కా మడతపెడుతుంటే నిజంగా అలసట వచ్చింది అన్నయ్యా. చేతులకి కాదు. మాటలు ఇంత అందంగా ఉంటాయి కదా, వాటితో ఎవరో పొద్దున్నే కూర్చుని ఇలాంటి పనులు చేయిస్తారు కదా అనిపించి.

అసలు విషయానికి వస్తాను. కింద గదిలో కుట్టు అత్తయ్య అని ఒకావిడ ఉంటుంది. నువ్వు వెళ్ళాక అద్దెకి దిగింది, నువ్వెరగవు. ఒక్కతే. మన ఇంట్లో ఏది చిరిగినా ఊరికే కుట్టి పెడుతుంది. అమ్మని వదినా అంటుంది, నన్ను పిల్లా అంటుంది. అమ్మ ఇస్త్రీ చేసే హోటల్లో వంటవాళ్ళకి కొత్త ఏప్రన్లు కావాలంటే, అమ్మ వాళ్ళ మేనేజరుతో మాట్లాడి ఆ ఆర్డరు అత్తయ్యకి ఇప్పించింది. నెలాఖరుకి ఇవ్వాలి. ఇస్తే హోటలు కుట్టుపనంతా ఆవిడకే. ఇవ్వకపోతే అత్తయ్యకి పనీ ఉండదు, హోటల్లో అమ్మ మాటకి విలువా ఉండదు.

సరిగ్గా అప్పుడే ఆవిడ పాత మిషను చచ్చిపోయింది. రిపేరాయన వచ్చి చూసి, అత్తయ్యా, దీన్ని ఇక మనశ్శాంతిగా పోనివ్వు అన్నాడట. అదే వారం ఆవిడ ఫోన్లో ఒక ప్రకటన కనబడింది. మోటారు మిషను, మూడోవంతు ధరకే, ఈ ఒక్కరోజే. ఒక అమ్మాయి ఫోను చేసి తియ్యగా మాట్లాడి వివరాలు రాసుకుంది. అత్తయ్య సగం కట్టేసింది. మాకు చెప్పనేలేదు. మిషను వచ్చాక చూపించి ఆశ్చర్యపరుద్దామనుకుందట.

మిషను రాలేదు. నిన్న ఫోను వచ్చింది. మిషను గోడౌనులో ఉంది, రిఫండబుల్ డిపాజిట్ కట్టాలి, రేపు మా సీనియర్ మేనేజరు మాట్లాడతారు అన్నారట. ఆ ఇంగ్లీషు ముక్కలు పట్టుకుని అత్తయ్య పైకి వచ్చింది. పిల్లా, నీ చదువుకి ఇవాళ పరీక్ష అంది. నాకు విన్న వెంటనే తెలిసిపోయింది. మాస్టారు చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి. తొందరపెట్టడం, కట్టాక మళ్ళీ కట్టమనడం, తిరిగి ఇస్తామనడం. అత్తయ్యా, ఇది మోసం అన్నాను. ఆవిడ మొహం చూస్తే ఇంకోసారి అనబుద్ధి కాలేదు. అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు, నువ్వొకసారి ఇంగ్లీషులో దులిపెయ్, నిజమైనవాడైతే నిలబడతాడు కదా అంది.

ఇవాళ మధ్యాహ్నం షాపులో గంట అడిగి వచ్చాను. అడగాల్సిన ప్రశ్నలన్నీ అరచేతి మీద రాసుకున్నాను. మీ ఆఫీసు ఎక్కడ, రిసీట్ ఇస్తారా, రిఫండ్ ఎన్నాళ్ళకి ఇస్తారు. అద్దం ముందు నిలబడి గొంతు పెద్దది చేసి పలికి చూసుకున్నాను కూడా. ఆవిడ బట్ట కత్తిరించే బల్ల మీద ఫోను పెట్టి, స్పీకరు నొక్కి, ఇద్దరం చెరో స్టూలు మీద కూర్చున్నాం.

సీనియర్ మేనేజర్ స్పీకింగ్ అని మొదలుపెట్టాడు. బరువైన గొంతు. తర్వాత తెలుగులోకి వచ్చాడు. చాలా మర్యాదగా, అమ్మగారూ, మీ కష్టం నాకు తెలుసండీ, ఇవాళ కడితే రేపే బండి ఎక్కిస్తాం అన్నాడు. అత్తయ్య, ఇవాళ నా దగ్గర లేవు బాబూ, ఎంత కట్టాలో చెప్పు, రేపు పది గంటలకి చూస్తాను అంది. అతను ఒక్క క్షణం ఆగి, అంకె చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను. అమ్మ చూస్తే తట్టుకోలేదు. అత్తయ్య ఇప్పుడు అడుగు, ఇప్పుడు అడుగు అని నన్ను మోచేత్తో పొడుస్తోంది. నేను నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. ఇంగ్లీషూ రాలేదు, తెలుగూ రాలేదు. అరచేతిలో చెమటకి అక్షరాలన్నీ కలిసిపోయాయి. వినబడలేదు, ఇంకోసారి చెప్పు బాబూ అని అత్తయ్య అంటే మళ్ళీ చెప్పాడు. రేపు పదింటికి చేస్తానన్నాడు. పెట్టేసేముందు, ఎండలో బ్యాంకుకి వెళ్తారు, గొడుగు పట్టుకెళ్ళండి అమ్మగారూ అన్నాడు.

ఫోను పెట్టేశాక అత్తయ్య నన్ను తేరిపార చూసింది. ఏమే, నీ ఇంగ్లీషంతా మీ అమ్మకే ఇచ్చేశావా, ఆవిడేమో పొద్దున్న మేడమ్ అయిపోయిందట, నువ్వేమో మూగదానివయ్యావు అంది. తర్వాత తనే, గొడుగు పట్టుకెళ్ళమన్నాడే పిల్లా, మోసం చేసేవాడు గొడుగు గురించి ఆలోచిస్తాడా అంది. ఆవిడ చెవులకి చిన్న దుద్దులున్నాయి, వాళ్ళమ్మ పెట్టినవి. రేపు షాపులు తీయగానే వాటిని అమ్మేసి కట్టేస్తానంది. పది దాటేవరకూ చెవులకి చెయ్యి కూడా పెట్టనని ఒట్టు వేయించుకున్నాను. ఫోను రేపు నా చేతికే ఇవ్వమన్నాను. ఈసారైనా నోరు విప్పుతావా అంది. విప్పుతానన్నాను.

సాయంత్రం క్లాసులో పేర్లు చెప్పకుండా మాస్టారిని అడిగాను. ఇందులో ఆలోచించడానికేముంది, ఫిర్యాదు చేయండి, ఎంత ఆలస్యమైతే డబ్బు అంత దూరం పోతుంది అని ఒక నంబరు రాసిచ్చారు. అది నా నిఘంటువులో పెట్టుకున్నాను. వాచ్‌మన్ బాబాయి మెట్లు దిగుతూ, నీ ఫోన్లో డబ్బులు లేకపోతే నాది తీసుకో అన్నాడు. బ్యాంకు గుమ్మం దగ్గర ఇలాంటివాళ్ళని రోజూ చూస్తాడట. కట్టి వచ్చాక నా స్టూలు మీదే కూర్చుంటారమ్మా, మంచినీళ్ళు ఇస్తాను, ఇంకేం ఇవ్వగలను అన్నాడు.

అమ్మ నిన్ను మూడు విషయాలు అడగమంది. అన్నం మానేస్తున్నావా? దగ్గు తగ్గిందా? పండక్కో పబ్బానికో కాదు, ఊరికే ఒకసారి వస్తావా? మూడోదానికి తొందరగా జవాబు రాయి.

ఇక ఉంటాను. నాకు ఇవాళ మాటలు కూడా బరువుగా ఉన్నాయి.

నీ చెల్లెలు,
నసపిట్ట

తా.క. అన్నయ్యా, పైనున్నదంతా అమ్మ చదివి ఇచ్చింది. అంటించేముందు తను చదవకుండా ఏ ఉత్తరమూ గుమ్మం దాటదని నీకు తెలుసు. చదివి, అంతా ఆ కుట్టు వదిన గోలే రాశావు, అక్కడ కూర్చుని వాడేం చేస్తాడే పాపం అంది. ఇప్పుడు స్నానానికి వెళ్ళింది. ఇది తను చూడదు.

అంకె చెప్పేముందు ఆ మేనేజరు ఊరికే ఆగలేదు. పెన్నుతో కావచ్చు, వేలితో కావచ్చు, బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. ఎక్కడైనా ఎవరైనా కొట్టొచ్చు అనుకున్నాను. అత్తయ్య మళ్ళీ అడిగినప్పుడు మళ్ళీ రెండుసార్లు కొట్టి చెప్పాడు. ఆ తర్వాత గొడుగు. షాపు దిగేవాళ్ళకి నాన్న చెప్పే మాటే అది, నాన్న పలికినట్టే. బరువు చేసుకున్న ఆ గొంతు కింద నీ గొంతు అప్పుడు వినబడింది. కాయితంలో వినబడదని అమ్మ బాధపడే గొంతు.

నన్ను నువ్వు వినలేదు. నేను మాట్లాడలేదు కదా. అత్తయ్య ఎవరో, ఏ ఇంట్లో ఉంటుందో కూడా నీకు తెలిసి ఉండదు, వివరాలు రాసుకుంది వేరే అమ్మాయి. నీ ముందున్నది ఒక పేరు, ఒక నంబరు. ఈ బార్గెయిన్‌లో మనిషి కనబడడం లేదు. ఇప్పుడు మాస్టారు ఏమన్నా సరే, నేను చెప్పిందే సరైన అర్థం.

నా క్లాసు ఫీజు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఈ నెల నేర్చుకున్న మాటలన్నీ ఎవరెవరివో. వాటిని వెనక్కి ఇవ్వడం ఎలాగో తెలియడం లేదు. నువ్వు ఎలా అక్కడ చేరావో, వదిలి రావడానికి వీలుందో లేదో కూడా నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. కానీ అది పది గంటల తర్వాత.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. ఫోన్లో తలెత్తి చూసేవాళ్ళు ఎవరూ ఉండరు కదా, మరి ఎందుకు కొడుతున్నావు? మొదటి దెబ్బకి అక్కడ ఎవరూ లేరు. రెండోది నీకే. అదొక్కటి నువ్వు మానలేదని పట్టుకుని, ఇవాళ మాస్టారు రాసిచ్చిన నంబరుకి ఫోను చేయలేదు.

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి రేపు అయిపోయి ఉంటుంది. నేనేం చేశానో, ఎందుకు మాట్లాడలేదో ఇందులో చదువుకుంటావు. పదింటికి అత్తయ్య గదిలో, ఆ కత్తిరించే బల్ల దగ్గర కూర్చుంటాను. పొద్దున్నే కిటికీకి వేరే కర్ర అడ్డం పెట్టి నాన్న బద్ద తీసుకెళ్తాను. నువ్వు ఫోను చేస్తావు. నేను హలో అనను, ఇంగ్లీషులో దులపను, ఏడవను. బల్ల మీద రెండుసార్లు కొడతాను. అప్పుడు నువ్వు ధర చెప్పు. మళ్ళీ అదే అంకె చెప్తే, ఫోను పెట్టేసి, నిఘంటువులోని ఆ నంబరు తీసుకుని, బ్యాంకు గుమ్మం దగ్గరికి నడిచి వెళ్ళి బాబాయి ఫోను అడుగుతాను.